శిశూద్యాన నిర్మాత ఫ్రోబెల్

నేడు మన పట్టణములలోనే గాక పల్లెలలో సైతము కె.జి. అను మాట వినని తల్లిదండ్రులు అరుదు. బిడ్డకు మూడేండ్లు నిండగనే ఎల్.కె.జి.లో చేర్చుటయు, మరుసటి యేట యు.కె.జి.కి పంపుటయు పరిపాటి యైనది. ఆ పొడి యక్షరములలో ఒదిగియున్న మాట జర్మను భాషకు చెందిన కిండర్‌గార్టెన్. కిండర్ అనగా పిల్లలు. గార్టెన్ అనగా తోట. పిల్లల తోట యని దాని యర్థము. ఈ పేరును కల్పించినవాడు ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్. ఆయన నాటిన తోటలో పరీక్షలు లేవు. ఇంటికిచ్చు వ్రాతపని లేదు. రంగుబంతులు, కొయ్యదిమ్మలు, పాటలు, వలయముగ నిలిచి ఆడు ఆటలు, చిన్నచిన్న పూలమడులు ఉండెను. శిశువు లోకమును ఎరుగు మార్గము ఆటయే యని నమ్మి, ఆ నమ్మకమునకై తన జీవితమును ధారవోసిన ఆ మహోపాధ్యాయుని కథ, చిన్నపిల్లలకు చదువు చెప్పువారెల్లరు తెలిసికొనదగినది.

జర్మనీ దేశమున తురింగియా యను అరణ్యప్రాంతము కలదు. అందలి ఓబర్‌వైస్‌బాహ్ గ్రామమున 1782 వ సంవత్సరము ఏప్రిల్ 21 వ తేదీన ఫ్రోబెల్ జన్మించెను. తండ్రి క్రైస్తవ మతగురువు. బిడ్డకు ఏడాది నిండకమున్నే తల్లి కన్నుమూసెను. తండ్రికి మతకార్యముల యొత్తిడివలన బిడ్డను లాలించు తీరిక లేకుండెను. శిశువు పనివారి చేతులలోను, అన్నల నీడలోను పెరిగెను. నాలుగవ యేట సవతితల్లి వచ్చెను. మొదట ఆమె ప్రేమతోనే చూచెను. తనకొక కొడుకు పుట్టిన పిమ్మట ఆ ప్రేమ తరిగిపోయెను. అంతవరకు చనువుగా నీవని పిలిచిన యామె, అటుపై పరాయివానితో మాటలాడునట్లు అతడని సంబోధింపసాగెను. ఒక్క సర్వనామము మారుటచే పసిహృదయ మెంత గాయపడునో, ఆయన పెద్దయైన పిదప వ్రాసికొనిన స్వీయకథవలన తెలియుచున్నది.

తండ్రి స్వయముగా అక్షరములు నేర్పబూనెను. కాని కొడుకు త్వరగా అందుకొనకపోవుటచే మందబుద్ధి యని తలచి, చివరకు ఊరిలోని బాలికల పాఠశాలకు పంపెను. ఇంటివద్ద ఆ బాలునకు తోడు పెరటితోట యొక్కటే. ఎత్తైన కొండల నడుమనున్న ఆ యింటి తోటలో ఒంటరిగా కూర్చుండి పూల రేకులను, ఆకుల యీనెలను, పురుగుల నడకను గంటలతరబడి చూచుచుండెను. పదియవ యేట మేనమామ ఆ బిడ్డ దీనస్థితిని గమనించి, స్టాడ్టిల్మ్ పట్టణమందలి తన యింటికి తీసికొనిపోయెను. అచ్చట ఆదరము దొరకెను, స్వేచ్ఛ దొరకెను, తన యీడు పిల్లల గుంపు దొరకెను. ఐతే వారితో కలసి పరుగిడబోవునప్పటికి తన కాలుసేతులు తనకు స్వాధీనము కాలేదని ఆ బాలుడు తెలిసికొనెను. ఆటలేని బాల్యము మనస్సునే కాదు, శరీరమును గూడ వెనుకకు లాగునని ఆయన పుస్తకములలో చదివి తెలిసికొనినది కాదు, అనుభవించి తెలిసికొనినది.

యౌవనమున ఆయన జీవితము తెడ్డులేని పడవవలె సాగెను. 1797 లో అడవుల పాలన నేర్చుకొనుటకై ఒక అటవీశాఖోద్యోగి యొద్ద శిష్యుడుగా చేరి రెండేండ్లుండెను. గురువు నేర్పినది స్వల్పము. అడవి నేర్పినది మిక్కుటము. 1799 లో యేనా విశ్వవిద్యాలయమున ప్రవేశించెను గాని, చేతిలో డబ్బు లేక అప్పులపాలై, విశ్వవిద్యాలయపు చెరసాలలో తొమ్మిది వారములు గడపి, చదువు ముగియకయే ఇల్లు చేరెను. 1802 లో తండ్రి మరణించెను. తరువాత కొన్నాళ్లు అటవీ కార్యాలయమున గుమాస్తా, కొన్నాళ్లు భూములు కొలుచు పని, కొన్నాళ్లు జమీందారుల లెక్కలు. 1805 లో వాస్తుశిల్పము నేర్వవలెనను తలంపుతో ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు పోయెను. అచ్చట గ్రూనర్ అను నాతడు ఒక ఆదర్శపాఠశాలను నడుపుచుండెను. ఈ యువకుని మాటతీరును గమనించిన గ్రూనర్, కట్టడములు కట్టుట మాని పిల్లలకు చదువు చెప్పవలసినదిగా కోరెను. తొలిసారి తరగతిలో నిలిచిన దినముననే, ఎన్నడో పోగొట్టుకొనిన వస్తువు తిరిగి చేతికి వచ్చినట్లు ఫ్రోబెల్‌నకు తోచెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిమూడేండ్లు.

ఆ రోజులలో విద్యావిషయమున కొత్తమాట చెప్పినవాడు స్విట్జర్లాండు దేశీయుడైన పెస్టలోజీ. మాటలకంటె ముందు వస్తువును చూపవలెననియు, బెత్తముకంటె ప్రేమ బలమైనదనియు ఆతని సిద్ధాంతము. ఫ్రోబెల్ 1805 లోనే ఇవెర్డన్‌లోని ఆతని పాఠశాలను కొలదిరోజులు దర్శించెను. తరువాత తాను చదువు చెప్పుచున్న ముగ్గురు బాలురను వెంటబెట్టుకొని, 1808 నుండి 1810 వరకు అచ్చటనే యుండి, ఒకవైపు శిష్యుడుగను మరియొకవైపు ఉపాధ్యాయుడుగను మెలగెను. పెస్టలోజీ హృదయమునకు ఆయన చేతులెత్తి నమస్కరించెను. ఐనను ఆ పాఠశాలలో ఒక పాఠమునకును మరియొక పాఠమునకును నడుమ దారము తెగియున్నట్లు ఆయనకు గోచరించెను.

ఆ దారమును వెదకుచు ఆయన ప్రకృతిశాస్త్రముల వైపు మరలెను. 1811 లో గ్యోటింగెన్, 1812 లో బెర్లిన్ విశ్వవిద్యాలయములు చేరి, బెర్లిన్‌లో వైస్ అను ఆచార్యుని యొద్ద స్ఫటికశాస్త్రమును అభ్యసించెను. ఉప్పుగల్లు మొదలుకొని వజ్రము వరకు ప్రతి స్ఫటికమును లోనున్న ఒక నియమము ననుసరించి వెలుపలి రూపమును పొందును. బయటినుండి చెక్కినవాడెవ్వడును లేడు. మనుజశిశువు సైతము ఇట్లే లోనుండి వెలికి పెరుగునని ఆయన ఊహించెను. అయితే పెరుగుటకు తగిన నేల, నీరు, వెలుతురు కూర్చవలసిన పని మాత్రము పెద్దలది. మొక్కై వంగనిది మ్రానై వంగునా యని మన సామెత. ఫ్రోబెల్ మొక్కను ఎట్లు వంచవలెనని అడుగలేదు. అది ఎట్లు పెరుగగోరుచున్నదో చూడుమనెను.

1813 లో నెపోలియనుపై జరిగిన యుద్ధమున ఆయన స్వచ్ఛందసైనికుడుగా చేరెను. ఆ శిబిరములలోనే లాంగెతాల్, మిడ్డెన్‌డోర్ఫ్ అను ఇరువురు విద్యార్థులు మిత్రులైరి. వారిలో మిడ్డెన్‌డోర్ఫ్ తుదివరకు ఆయన వెన్నంటి నిలిచెను. యుద్ధానంతరము బెర్లిన్ ఖనిజ ప్రదర్శనశాలలో వైస్ ఆచార్యునకు సహాయకుడుగా ఉద్యోగము లభించెను. నిశ్చింతగా కాలము గడపదగిన కొలువది. అంతలో, యుద్ధకాలమున వ్యాపించిన విషజ్వరమునకు అన్నగారైన క్రిస్టాఫ్ బలియై యుండుటచే, తండ్రిలేని ముగ్గురు బిడ్డల చదువు ప్రశ్నార్థకమయ్యెను. ఫ్రోబెల్ కొలువు వదలుకొనెను. 1816 లో గ్రీస్‌హైమ్ గ్రామమున అయిదుగురు అన్నకొడుకులతో ఒక పాఠశాల నారంభించి, మరుసటి యేట దానిని కైల్‌హావు గ్రామమునకు మార్చెను.

కైల్‌హావు పాఠశాలలో పిల్లలు చదువుటతోపాటు కట్టెలు కొట్టిరి, తోట త్రవ్విరి, కొండలెక్కిరి, కోటలు కట్టిరి. విద్యార్థుల సంఖ్య ఒక దశలో అరువదికి చేరువయ్యెను. 1826 లో ఆయన తన సిద్ధాంతములను మానవవిద్య యను గ్రంథముగా వెలువరించెను. ఆ గ్రంథమున చిన్ననాటి ఆటకు ఆయన ఇచ్చిన స్థానము అపూర్వము. అయితే అది ప్రభువులు కొత్త భావముల నెల్ల శంకించుచున్న కాలము. స్వేచ్ఛగా పెరుగు పిల్లలు రేపు రాజద్రోహులగుదురేమో యని అనుమానము పుట్టెను. పాఠశాలను తనిఖీచేసిన అధికారి మెచ్చుకొనుచు నివేదిక వ్రాసినను, జనుల భయము తీరలేదు. మూడేండ్లు తిరుగకమున్నే బడిలో మిగిలినవారు ఐదారుగురు మాత్రమే.

1831 లో ఆయన స్విట్జర్లాండునకు పోయి కొన్ని పాఠశాలలు నెలకొల్పెను. 1835 లో బుర్గ్‌డోర్ఫ్ అనాథాశ్రమమునకు అధ్యక్షుడయ్యెను. అచ్చటనే ఆయనకు ఒక సంగతి స్పష్టమయ్యెను. బడిలో చేరు పిల్లవాడు ఖాళీపలకవలె రాడు. అంతకు పూర్వమే ఆరేండ్ల జీవితము వాని యందు మంచియో చెడ్డయో వ్రాసిపెట్టి యుండును. ఆ ఆరేండ్లను పట్టించుకొనకుండ పై చదువులను ఎంత సంస్కరించినను పునాదిలేని గోడయే. ఈ యెరుక కలుగునప్పటికి ఆయనకు ఏబదియేండ్లు దాటెను. జీవితమున అధికభాగము గడచిన పిమ్మట తన నిజమైన పని యేదో తెలిసికొని, యువకునివలె దానికి నడుము కట్టినవాడు ఫ్రోబెల్.

జబ్బుపడిన భార్యను వెంటబెట్టుకొని స్వదేశమునకు మరలివచ్చి, 1837 లో బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్నపట్టణమున చిన్నపిల్లలకై ఒక సంస్థను స్థాపించెను. దానికి తగిన పేరు చాలకాలము దొరకలేదు. ఒకనాడు మిత్రులతో కొండదారిని నడచుచుండగా, క్రింద లోయ పెద్దతోటవలె కనబడెను. తత్క్షణమే పిల్లల తోట యను పేరు స్ఫురించెనని మిత్రులు చెప్పుదురు. 1839 లో భార్య మరణించెను. 1840 వ సంవత్సరము జూన్ 28 వ తేదీన, ముద్రణకళకు నాలుగువందల యేండ్లు నిండిన ఉత్సవము జరుగుచుండగా, ఆ పేరుతో సంస్థ లోకమునకు ప్రకటింపబడెను. పెట్టుబడికై పది టాలరుల చొప్పున వాటాలు కొనవలసినదిగా ఆయన జర్మను స్త్రీలను వేడుకొనెను. వాటాలు అమ్ముడువోయినది స్వల్పము. ఆయన యుత్సాహము తగ్గినది మాత్రము లేదు.

ఇంతకు ఆ తోటలో ఏమి జరిగెడిదో చూతము. ఫ్రోబెల్ తాను కల్పించిన ఆటవస్తువులకు కానుకలని పేరిడెను. మొదటి కానుక ఆరు రంగుల ఉన్నిబంతులు. బంతికి దారము కట్టి ఊపుట, గుప్పిట దాచుట, మరల చూపుట. ఈ చిన్నయాటలోనే కలిగియుండుట, పోగొట్టుకొనుట, తిరిగి పొందుట యను మూడనుభవములు పసివానికి లభించును. రెండవ కానుక కొయ్యతో చేసిన గోళము, ఘనము, స్థూపము. గోళము దొర్లును, ఘనము కదలక కూర్చుండును, స్థూపము నిలబెట్టిన నిలుచును, పడవేసిన దొర్లును. ఎవ్వరును చెప్పనక్కరలేకుండ చేతులే ఈ భేదమును గ్రహించును.

మూడవ కానుక మరింత చక్కనిది. రెండంగుళముల ఘనమొకటి, దానిని విడదీసిన ఎనిమిది చిన్నఘనములగును. బిడ్డ వానితో కుర్చీ కట్టును, మెట్లు కట్టును, మంచము కట్టును. ఇవి తన బ్రతుకులోని రూపములు. ఒక నడిమిబిందువు చుట్టును పేర్చి ముగ్గువంటి ఆకృతి తీర్చును, అది సౌందర్యరూపము. సగము, పాతిక, అరపాతిక యని విడదీసి లెక్క తెలిసికొనును, అది జ్ఞానరూపము. ఒక్కటే ఆటలో బ్రతుకు, అందము, గణితము మూడును కలసియుండెను. కట్టినదానిని ఒక్కపెట్టున కూలద్రోయక, దానినే కొంచెము కొంచెము మార్చుచు మరియొక రూపముగా చేయుట అచ్చటి పద్ధతి. ఆట ముగిసినప్పుడు ముక్కలన్నియు తిరిగి ఒక్క ఘనమై పెట్టెలో చేరవలెను. ఖండములు అఖండములో భాగమను పెద్దమాటను ఉపన్యాసము లేకుండ బోధించిన విధ మది. తరువాతి కానుకలలో ఇటుకలవంటి దిమ్మలు, ఐమూలగ కోసిన ముక్కలు వచ్చును. వానితోపాటు కాగితము మడచుట, అల్లుట, కుట్టుట, పుల్లలు పేర్చుట, మట్టితో బొమ్మలు చేయుట యను చేతిపనులు కలవు. వలయముగా నిలిచి పాడుచు ఆడు ఆటలు కలవు. వెలుపల ప్రతిబిడ్డకు ఒక చిన్నమడి. అందరకు కలిపి ఒక పెద్దమడి. తనదానికి నీరు పోయుటయు, అందరిదానికి నీరు పోయుటయు ఒక్కప్రొద్దుననే అలవడెను.

1844 లో ఆయన తల్లులకొరకు పాటల గ్రంథము నొకదానిని ప్రకటించెను. ఒడిలోని బిడ్డతో వ్రేళ్లాట లాడించుచు తల్లి పాడదగిన పాటలవి. పాఠశాలకు మూలము తల్లియొడి యని ఆయన దృష్టి. కావుననే పిల్లల తోటకు తోటమాలులుగా స్త్రీలను తీర్చిదిద్ద బూనెను. పసిపిల్లలతో ఆడుట చదువురాని దాది కూడ చేయగల పని యని లోకము తలచుచుండగా, దానికి ప్రత్యేకశిక్షణ వలయుననియు, అది గౌరవవృత్తి యనియు చాటెను. ఆడువారికి బోధనవృత్తి ద్వారములు తెరువబడుటలో ఫ్రోబెల్ పాత్ర చిన్నది కాదు.

1849 లో ఆయన లీబెన్‌స్టైన్ అను ఊరు చేరెను. నెరసిన జుట్టుతో గ్రామబాలుర గుంపులో గంతులిడుచు ఆడు ఆయనను చూచి ఊరివారు ముసలివెర్రివాడని నవ్వుకొనిరి. ఆ వెర్రిని చూడవచ్చిన బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్ బ్యూలో అను జమీందారిణి మాత్రము, అది వెర్రి కాదని గ్రహించి శిష్యురాలయ్యెను. ఆ మరుసటి యేట సమీపమునందలి మారియెన్‌తాల్ భవనమున ఉపాధ్యాయినుల శిక్షణాలయము నెలకొనెను. 1851 లో తన శిష్యురాలైన లూయిజా లెవిన్‌ను ఆయన వివాహమాడెను.

అదే యేట ఆగస్టు 7 వ తేదీన పిడుగుపడినట్లయ్యెను. ప్రష్యా ప్రభుత్వము తన రాజ్యమునందలి పిల్లల తోటలను నిషేధించెను. అవి నాస్తికత్వమును, సామ్యవాదమును పిల్లలకు నూరిపోయుచున్నవని అభియోగము. ఫ్రోబెల్ అన్నకొడుకు కార్ల్ ఫ్రోబెల్ వ్రాసిన ఒక చిన్నపుస్తకమును పినతండ్రి సిద్ధాంతముతో ముడిపెట్టుట ఇందులకొక కారణము. ఆస్తికత్వమే ఊపిరిగా గల ఆ వృద్ధుడు పొరపాటును వివరించుచు విజ్ఞప్తులు పంపెను. ఉత్తరువు మారలేదు. 1852 వసంతమున గోథా నగరమున జరిగిన ఉపాధ్యాయ మహాసభలో ఆయన ప్రవేశించినంతనే సభ యంతయు లేచి నిలిచెను. ప్రభుత్వము నిరాకరించిన గౌరవమును తోడి ఉపాధ్యాయులు సమర్పించిరి. కొలదివారములకే, 1852 జూన్ 21 వ తేదీన, డెబ్బదియేండ్ల ప్రాయమున ఫ్రోబెల్ కన్నుమూసెను. ష్వైనా గ్రామమునందలి ఆయన సమాధిపై నిలిపిన శిలలు ఘనము, స్థూపము, గోళము. రెండవ కానుకయే ఆయనకు స్మారకమయ్యెను.

నిషేధము 1860 లో తొలగెను. అంతకు పూర్వమే శిష్యురాండ్రు ఆ విత్తనములను దేశదేశముల చల్లిరి. బెర్తా ఐరోపా యంతట తిరిగి ప్రచారము చేసెను. 1856 లో మార్గరెత్ షుర్జ్ అమెరికాలోని వాటర్‌టౌన్‌లో తొలి కిండర్‌గార్టెన్ తెరచెను. 1873 లో సెయింట్ లూయిస్ నగరమున సూసన్ బ్లో దానిని ప్రభుత్వపాఠశాలలలో చేర్చెను. 1876 లో ఫిలడెల్ఫియా ప్రదర్శనమున ఒక తల్లి ఈ కానుకలను చూచి తన కుమారునకు తెచ్చియిచ్చెను. ఆ బాలుడు తరువాత జగద్విఖ్యాత వాస్తుశిల్పి యైన ఫ్రాంక్ లాయిడ్ రైట్. ఆ కొయ్యదిమ్మల స్పర్శ తన వ్రేళ్లలో ముసలితనము వరకు నిలిచియున్నదని ఆయన తెలిపెను.

అయినను ఈ విజయములోనే ఒక యోటమియు దాగియుండెను. ఫ్రోబెల్ కానుకలు మిగిలినవి. ఆయన చూపు కొన్నిచోట్ల మిగులలేదు. ఉపాధ్యాయిని ఆజ్ఞాపించునంతనే పిల్లలందరు ఒక్కసారిగా పెట్టె తెరచి, ఒక్కటే దిమ్మను ఒక్కటే చోట నుంచు కవాతు కొన్ని బడులలో ఆరంభమయ్యెను. ఆట చేతిలో నుండెను. ఆడు మనస్సు లేకుండెను. అమెరికా తత్త్వవేత్త జాన్ డ్యూయీ మొదలైనవారు దీనిని గట్టిగా విమర్శించిరి. ఇటలీలో మాంటిసోరి 1907 లోను, మన దేశమున భావనగరమందు గిజూభాయి 1920 లోను తమతమ త్రోవలలో శిశువిద్యాలయములను నెలకొల్పి, బిడ్డ స్వేచ్ఛను మరల ముందునకు తెచ్చిరి. మాంటిసోరి 1939 లో మద్రాసు నగరమందలి అడయారునకు స్వయముగా వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చుట మనవారికి కలిగిన భాగ్యము.

ఇప్పుడు మన స్థితిని పరికింతము. 1975 అక్టోబరు 2 వ తేదీన ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకముతో అంగన్‌వాడీలు వెలసినవి. వాని పేరిట నున్నది ఆంగనము, అనగా ముంగిలి. 2020 జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వరకు గల దశకు ఆటపాటలే ఆధారముగా నుండవలెనని పేర్కొనెను. కాగితముమీద ఫ్రోబెల్ గెలిచినాడు. కాని కె.జి. అను ఫలకము వ్రేలాడు ఎన్నో గదులలో మూడేండ్ల బిడ్డ బెంచీపై చేతులు కట్టుకొని కూర్చుండి, చుక్కలు కలిపి అక్షరములు దిద్దుచున్నది. వ్రేళ్ల యెముకలు గట్టిపడకమున్నే పెన్సిలు పట్టించుట, వ్రాయకున్న కోపించుట, ఆటను బహుమతిగా ఆశచూపుట సాగుచునేయున్నవి. పేరు తోట, లోన మొక్క కదలుటకు చోటు లేదు.

దీనిని మార్చుటకు జర్మనీనుండి పెట్టెలు తెప్పింప నక్కరలేదు. చింతగింజలు, గవ్వలు, తాటియాకులు, కొబ్బరిచిప్పలు, బంకమట్టి మన ముంగిళ్లలోనే కలవు. గుజ్జనగూళ్లు, బొమ్మరిండ్లు, దాగుడుమూతలు మన బిడ్డలకు ఎవ్వరును నేర్పనక్కరలేదు. కావలసినది ఆడుచున్న బిడ్డను ఓపికతో చూచు ఉపాధ్యాయుని కన్ను. ఎనిమిది గింజలను ఇద్దరు పిల్లలు సమముగా పంచుకొనునప్పుడు అచ్చట భాగహారము జరుగుచున్నదని గుర్తించి, సరియైన సమయమున ఒక చిన్నప్రశ్న వేసి ప్రక్కకు తొలగగలవాడే ఫ్రోబెల్ శిష్యుడు. ఉపాధ్యాయులును, రేపు ఉపాధ్యాయులు కాబోవు విద్యార్థులును, తల్లిలేని ఆ తురింగియా బాలుడు ఒంటరిగా కూర్చుండిన పెరటితోటను ఒకసారి తలచుకొందురుగాక. తనకు దొరకని ఆటను లోకమునందలి బిడ్డలందరకు పంచిపెట్టిన ఆ మహనీయుని ఋణము, మన తరగతిలోని చిట్టచివరి బిడ్డకు ఆడుకొను తావు కల్పించినప్పుడే తీరును.